గుంటుపల్లి కొండకి ఒకరోజు

మా భీమవరం వాళ్లకి కాలువ గట్టెక్కడమే కొండెక్కడం. అలాంటి కాళ్లకి కూడా పాత బౌద్ధ గుహలున్న గుంటుపల్లి కొండ పర్వాలేదు. ఏలూరు నుంచి సుమారు 40 కిలోమీటర్లు. కామవరపుకోట మీదుగా జీలకర్రగూడెం చేరాలి. కార్తీకంలో వెళ్తే అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పులిహోర పొట్లం చాలు. హవాయి చెప్పులు మాత్రం వద్దు. ఇసుకరాయి మీద రాలిన రేణువులు దిగేటప్పుడు జర్రున జారుస్తాయి. నా మోచేతి మచ్చ అక్కడిదే.

మెట్లెక్కగానే పైకి పరిగెత్తకండి. ముందు గుండ్రటి చైత్యగుహలో, అంటే బౌద్ధుల ప్రార్థన గుహలో, తలెత్తి చూడండి. క్రీస్తుపూర్వమే కప్పుకి చెక్క వాసాల్లాగా రాతిలో వాసాలు చెక్కారు. మధ్యలో స్తూపం. అచ్చం మన తీరంలోని చుట్టిల్లే! రాయి మెత్తన కాబట్టే అంత పనితనం సాగింది. గీస్తే అంతే సులువుగా పాడవుతుంది, పిల్లల్ని కనిపెట్టి ఉండండి.

పైన చిన్నా పెద్దా స్తూపాలు చాలా ఉన్నాయి. అవి చూశాక రాతి అంచుకి నాలుగడుగుల ఇవతలే కూర్చుని కింద చెట్లని చూడండి. సెల్ఫీ కోసం ముందుకి జరగొద్దు. పదకొండు దాటితే బండ కాలుతుంది, ఆలోపే దిగి పులిహోర విప్పండి.