సీసా వెనక్కి తిప్పి చదవండి

మాది నెల్లూరు. చెన్నైలో రగ్బీ కుర్రాళ్లకు ఫిజియోగా పనిచేస్తున్నాను. ప్రాక్టీసులో ఎవడు దగ్గినా నేను ముందు అడిగేది జ్వరం సంగతి కాదు, "ఏం తాగావురా?" అని.

మెడికల్ షాపులో దగ్గుకని అడిగితే ఇచ్చే సిరప్‌లలో చాలావాటిలో టెర్బ్యుటలిన్ అనే మందు ఉంటుంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' దాన్ని క్రీడాకారులకు మ్యాచ్ రోజుకే కాదు, ఏడాది పొడవునా నిషేధించింది. అందుకే సీసా ముందున్న పెద్ద పేరు వదిలేసి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. ఒక్కోటీ మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ 'నాడా' వాళ్ల 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో కొట్టి చూడండి. నిషేధిత మందుల కొత్త జాబితా ఏటా జనవరి 1న అమల్లోకి వస్తుంది, పోయినేడు చూశాంలే అనుకోకండి. డాక్టరు ఆ మందే కావాలంటే టీయూఈ అనే అనుమతికి ముందే దరఖాస్తు పెట్టాలి.

ఇక కండల కోసం తాగే పౌడర్ డబ్బాలు. నాకూ కుర్రాళ్లకూ గొడవంతా వీటి దగ్గరే. "ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంది కదన్నా" అంటారు. అది ఆహార పదార్థాలకిచ్చే లైసెన్సు నంబరు, దాన్ని చూసి డోపింగ్ పరీక్షలో ఎవరూ వదిలిపెట్టరు. కొనకపోతేనే మేలు. కొనే తీరతామంటే బిల్లు దాచండి, బ్యాచ్ నంబరు ఫోటో తీయండి, రెండు స్పూన్ల పొడి డబ్బాలోనే ఉంచండి. మీ మూత్రం, రక్తం శాంపిల్‌లో ఏదైనా తేలితే, అది ఒంట్లోకి ఎలా వచ్చిందో చూపించుకోవాల్సింది మీరే. స్టెరాయిడ్ అయితే 4 ఏళ్ల నిషేధం. కావాలని వాడలేదని నిరూపిస్తే 2. డబ్బాలోనే కల్తీ ఉందనీ, మీ తప్పు పెద్దగా లేదనీ తేలితే మందలింపుతో పోయినా పోవచ్చు. దక్షిణాఫ్రికా వింగర్ అఫివే డ్యాంట్యి 2018లో వరల్డ్ రగ్బీ అవార్డు అందుకున్నాడు. మరుసటేడు అతని శాంపిల్‌లో మూడు పదార్థాలు దొరికాయి. తెలిసి వాడలేదన్నాడు. అయినా 4 ఏళ్లూ పడ్డాయి.

శాంపిల్ అడిగితే ఇవ్వండి. ఇవ్వనన్నా 4 ఏళ్లదాకా పడుతుంది. గత 7 రోజుల్లో వాడిన మందులు ఫారంలో రాయండి, అమ్మ పంపిన లేహ్యంతో సహా.

నోటీసు వచ్చిందా? బీ శాంపిల్, అంటే మొదటిసారే పక్కన పెట్టిన రెండో సీసా, తెరిపించే హక్కు మీకుంది. 4 ఏళ్ల కేసులో, అభియోగం అందిన 20 రోజుల్లో ఒప్పుకొని శిక్షకు అంగీకరిస్తే ఏడాది తగ్గుతుంది. ఆ టెన్షన్‌లో ఎక్కడపడితే అక్కడ సంతకం పెట్టకండి, ముందు లాయర్‌ని కలవండి. నిషేధమంటే మ్యాచ్‌లొక్కటే కాదు, జట్టు ప్రాక్టీసుకూ రాకూడదు.

మొన్న మా జట్టులో హుకర్ స్థానంలో ఆడే కుర్రాడు సీల్ తీయని సిరప్ తెచ్చి చూపించాడు. వెనక్కి తిప్పితే అదే మందు. షాపువాడు వాపసు తీసుకోలేదట. నూట ఇరవై పోయిందని ఇప్పటికీ నా మీదే గొణుగుతున్నాడు.