లోక్‌సభ నిబంధన ఎలా మారిందో వెతికి పట్టుకోవడం ఎలా?

ముందుగా బిజినెస్ అడ్వైజరీ కమిటీని పక్కన పెట్టండి. బిల్లుపై చర్చకు ఎంత సమయమో చూసేది అది. సభ నడిచే తీరు, దాని నియమాలు మాత్రం నిబంధనల కమిటీ పని. అమెరికా ప్రతినిధుల సభలో బిల్లుపై చర్చ షరతులు ఖరారు చేసేది కూడా రూల్స్ కమిటీయే. చాలామంది తికమకపడేది అక్కడే.

మన కమిటీలో స్పీకర్‌తో కలిపి 15 మంది. స్పీకరే నియమిస్తారు, హోదారీత్యా అధ్యక్షత కూడా ఆయనదే. సభ తన నియమాలు తానే చేసుకునే అధికారానికి మూలం రాజ్యాంగం 118వ అధికరణ.

ఇక వెతుకులాట. కమిటీ సిఫారసులు సభ ముందు ఉంచిన తేదీని పట్టుకోండి. ఆ సిఫారసుల్లో మార్పు కోరుతూ సభ్యులు నోటీసు ఇవ్వడానికి గడువు 7 రోజులు. సిఫారసులు ఉంచిన రోజు కూడా అందులో లెక్కే. మర్నాటి నుంచి లెక్కపెడితే ఒక రోజు తేడా వస్తుంది. నోటీసు ఏదీ రాకపోతే సభ ఆమోదించినట్టే. చర్చల రికార్డులో ఓటింగ్ కోసం గాలించి లాభం లేదు, అది ఉండదు. నోటీసు వస్తే అది తిరిగి కమిటీకే వెళ్తుంది. తుది నివేదికను సభ ముందుంచాక కమిటీ సభ్యుడొకరు తీర్మానం పెట్టాలి, సభ ఒప్పుకోవాలి.

ఏ దారిన వచ్చినా చివరికి చూడాల్సింది బులెటిన్, అంటే లోక్‌సభ అధికారిక ప్రకటనల పత్రం. వేరే తేదీ చెప్పకపోతే, అందులో అచ్చయిన రోజే నిబంధన సవరణ అమల్లోకి వస్తుంది. 1993లో వచ్చిన శాఖల వారీ స్థాయీ సంఘాలతో (మంత్రిత్వ శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీలు) సాధన మొదలుపెట్టండి. పాత, కొత్త నిబంధనల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుంటే 331వ నిబంధన తర్వాత అదే సంఖ్యకు అక్షరాలు తగిలించి చేర్చిన నిబంధనలు కళ్లకు కడతాయి.