నీళ్లు నిలిచే పొలం కొని ఇరుక్కున్నారా? అమెరికాలో ఈ దారి ఒకటుంది

టెక్సస్‌లో మనవాళ్లు నలుగురైదుగురు కలిసి ఎల్‌ఎల్‌సీ అనే రకం కంపెనీ పెట్టి పొలం కొనడం మామూలే. ఎకరం చవగ్గా వచ్చిందని సంబరపడతారు, తీరా వసంతకాలం వానలకు సగం పొలం చెరువైపోయాక గానీ అంత చవక ఎందుకో తెలియదు. అలాంటి భూమి మీ చేతిలో ఉంటే అయినకాడికి అమ్మేసే ముందు వెట్‌ల్యాండ్ రిజర్వ్ ఈజ్‌మెంట్ గురించి కనుక్కోండి. అమెరికా వ్యవసాయ శాఖలోని ఎన్‌ఆర్‌సీఎస్ అనే ప్రకృతి వనరుల సంరక్షణ విభాగం నడిపే పథకం ఇది. పొలాన్ని మళ్లీ చిత్తడి నేలగా మార్చడానికి మీ హక్కుల్లో కొన్నిటిని ప్రభుత్వానికి అమ్మడమే ఈ ఈజ్‌మెంట్. 1990 ఫార్మ్ బిల్లుతో మొదలైంది, 2014లో ఏసెప్ అనే పెద్ద ప్రోగ్రాంలో కలిపేశారు.

ముందు ఒక సంగతి బుర్రకెక్కాలి. ప్రభుత్వం మీ దగ్గర కొనేది దున్నే హక్కు, కట్టడాలు కట్టే హక్కు. భూమి మీ పేరునే ఉంటుంది, ప్రాపర్టీ ట్యాక్స్ మీరే కట్టాలి, ఎవర్ని లోపలికి రానివ్వాలో మీ ఇష్టం, చేపలు పట్టుకోవచ్చు, వేటాడుకోవచ్చు. గడ్డి కోయాలన్నా పశువుల్ని మేపాలన్నా విడిగా పర్మిషన్ కావాలి. (కొల్లేటి వాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యమని ప్రకటించి, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, జిరాయితీ రైతుల పరిహారం గొడవ ఏళ్ల తరబడి సాగింది. ఇక్కడ మీరు సంతకం పెడితేనే ఏదైనా.)

శాశ్వతంగా ఇస్తే ఆ హక్కు విలువ మొత్తం చెల్లిస్తారు, నేలను మళ్లీ చిత్తడిగా మార్చే ఖర్చులో 75 నుంచి 100 శాతం భరిస్తారు. 30 ఏళ్లకైతే రెండూ 50 నుంచి 75 శాతమే. శాశ్వతం అంటే నిజంగానే శాశ్వతం, రేపు మీ మనవడు అమ్మినా కొన్నవాడికీ అదే షరతు. నన్నడిగితే ఫారం నింపే ముందు ఇంట్లో మాట్లాడుకోవాల్సింది ఇదే.

అందరికీ ఇవ్వరు. అప్లై చేసే నాటికి భూమి మీ పేరున 24 నెలలు ఉండాలి, వారసత్వం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. ప్రతి బురదగుంటా పనికిరాదు, ఒకప్పటి చిత్తడి నేలను ఎండగట్టి సాగులోకి తెచ్చినదై ఉండి, మళ్లీ బాగుచేయడానికి వీలుండాలి. ఆదాయ పరిమితి సాధారణంగా మూడేళ్ల సగటున 9 లక్షల డాలర్లు. ఎల్‌ఎల్‌సీ అయితే ప్రతి సభ్యుడూ కాగితాలివ్వాలి, గ్రూపులో ఒక్కడు వాట్సాప్‌కి జవాబివ్వకపోయినా ఫైలు అక్కడే ఆగుతుంది.

మీ కౌంటీలోని వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) సర్వీస్ సెంటర్‌కి వెళ్లి ముందు ఫార్మ్ నంబరు (వాళ్ల రికార్డుల్లో మీ పొలానికి ఇచ్చే నంబరు) తీసుకోండి, తర్వాత సీపీఏ-1200 అనే దరఖాస్తు, దాంతో పాటు డీడ్, ఎల్‌ఎల్‌సీ పత్రాలు. అప్లికేషన్లు ఏడాది పొడుగునా తీసుకుంటారు కానీ వాటిలో ఏవి ముందో ర్యాంకులు వేయడానికి ప్రతి రాష్ట్రానికీ ఒక గడువు ఉంటుంది, ఫోన్ చేసి అడగండి. వాళ్లు పొలం చూడ్డానికి వచ్చినప్పుడు పాత డ్రెయిన్లు, కాలువలు దగ్గరుండి చూపించండి, నీళ్లు నిలిచినప్పుడు తేదీతో తీసిన ఫోటోలుంటే ఇంకా మంచిది.

ధర ఎలా తేలుస్తారంటే మార్కెట్ అంచనా, ఆ ప్రాంతానికి పెట్టిన గరిష్ఠ రేటు, మీరు అడిగిన అంకె, ఈ మూడింట్లో ఏది తక్కువైతే అదే. అప్పు ఉంటే ఈజ్‌మెంట్‌కే ముందు హక్కు అని బ్యాంకు రాసివ్వాలి. పొలానికి దారి కూడా చూస్తారు, పక్కవాళ్ల స్థలంలోంచి నోటిమాట మీద వెళ్తుంటే కుదరదు, దారి హక్కు కాగితం మీద ఉండాలి. అగ్ ఎగ్జెంప్షన్ (సాగు భూమికి టెక్సస్‌లో ఇచ్చే ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గింపు) మీద ఆధారపడ్డవాళ్లు, గడ్డి కోత ఆగిపోతే వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ (వన్యప్రాణుల కోసం భూమిని చూసుకోవడం) కింద ఆ తగ్గింపు నిలబడుతుందా అని కౌంటీ అప్రైజల్ ఆఫీసులో ముందే అడగండి.

ఇంకొకటి, ఈలోగా ఎవరో చెప్పారని నీళ్లు పోవడానికి కొత్త కాలువ తవ్వించకండి. చిత్తడి నేలను ఎండగట్టి పంట వేస్తే వ్యవసాయ శాఖ ప్రోగ్రాములకు అర్హత పోవచ్చు, దరఖాస్తుతో పాటు ఏడీ-1026 అనే ఫారం మీద మీరు సంతకం పెట్టేది ఆ పని చేయనని ఒప్పుకుంటూనే.