సర్వర్ పంపిన మల్టీపార్ట్ రెస్పాన్స్‌ను పేజీ చదవలేకపోతుంటే

నోడ్ (జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే ప్రోగ్రామ్) సర్వర్ ఒక ఫొటోనీ, దాని వివరాలున్న జేసన్‌నీ (టెక్స్ట్‌గా రాసిన డేటా) కలిపి ఒకే మల్టీపార్ట్/ఫార్మ్-డేటా రెస్పాన్స్‌గా, అంటే భాగాలుగా విడదీయగలిగే ఒకే జవాబుగా, పంపుతోంది. పేజీలో ఫెచ్ చేసి, ఫార్మ్‌డేటా() పిలిచి వాటిని విడదీస్తున్నాం. తేడా వస్తే ముందు కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి సర్వర్‌ను అడిగే టూల్) ఆ రెస్పాన్స్‌ను హెడర్లతో సహా ఫైల్‌లోకి దించుకోండి. బ్రౌజర్ కన్సోల్ టైప్‌ఎర్రర్ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది.

టైప్‌ఎర్రర్ వస్తోంది

ముందు అనుమానించాల్సింది బౌండరీనే, అంటే ఒక భాగాన్ని ఇంకోదాని నుంచి వేరుచేసే గుర్తునే. కంటెంట్-టైప్ హెడర్‌ను చేత్తో రాసి, బౌండరీ ఇవ్వడం మర్చిపోయి ఉంటారు. లేదా హైఫన్లు తప్పి ఉంటాయి. హెడర్‌లో బౌండరీ ఎలా ఉందో దానికి ముందు రెండు హైఫన్లు చేర్చి ప్రతి భాగం మొదట్లో రాయాలి, భాగాలన్నీ అయ్యాక ముగింపుగా రాసే బౌండరీకి చివర కూడా మరో రెండు. క్రోమ్ తయారుచేసే బౌండరీలోనే మొదట నాలుగు హైఫన్లుంటాయి కాబట్టి బాడీలో ఆరు కనిపిస్తాయి. అది చూసి కాపీ కొట్టేవాళ్లు ఇక్కడే లెక్క తప్పుతారు. లైన్ చివర 13, 10 అనే రెండు బైట్లూ ఉండాలి, ఒక్క 10 చాలదు. ప్రతి భాగానికీ కంటెంట్-డిస్పోజిషన్‌లో నేమ్ కూడా తప్పనిసరి.

ఇంగ్లిష్ డేటాతో బాగుంది, తెలుగు రాగానే పోతోంది

నా సాయంత్రం ఒకటి మొత్తం తినేసింది ఇదే. టెస్టులన్నీ ఇంగ్లిష్ పేర్లతో రాసుకున్నాను మరి! బాడీలో ఎన్ని బైట్లున్నాయో చెప్పే కంటెంట్-లెంగ్త్ హెడర్‌కు స్ట్రింగ్ పొడవు ఇచ్చాను. "తెలుగు" అనే మాటకు జావాస్క్రిప్ట్ లెక్కలో పొడవు 6, యూటీఎఫ్-8లో 18 బైట్లు. అంటే ఆ ఒక్క మాటకే 12 బైట్లు తక్కువ చెప్పినట్టు. బ్రౌజర్ చెప్పినంత వరకే చదివి ఆపేస్తుంది, ముగింపు బౌండరీ తెగిపోతుంది. బఫర్.బైట్‌లెంగ్త్‌తో లెక్కపెట్టండి.

ఫొటో తెరుచుకోవట్లేదు

దించిన ఫైల్‌లో ఫొటో మొదలయ్యే చోట చూడండి. జేపెగ్ అయితే 255, 216 బైట్లు ఉండాలి. వాటి బదులు 239, 191, 189 (టెక్స్ట్‌గా చదవలేని బైట్ల స్థానంలో పెట్టే గుర్తు) పదేపదే కనిపిస్తే, ఫొటోను టెక్స్ట్‌గా చదివి స్ట్రింగ్‌కు అతికించారన్నమాట. బైట్లను బైట్లుగానే కలిపే బఫర్.కాన్‌క్యాట్ వాడితే సరి.

బైట్లు బాగానే ఉండి, పేజీలో ఫొటో ఫైల్‌గా కాక స్ట్రింగ్‌గా వస్తోందా? ఆ భాగానికి ఫైల్‌నేమ్ లేదు. ఇచ్చేయండి.

అసలు చేత్తో రాయడం ఎందుకు?

నోడ్ 18 నుంచి ఫార్మ్‌డేటా, బ్లాబ్, రెస్పాన్స్ సిద్ధంగానే ఉన్నాయి. ఫొటోను బ్లాబ్‌గా (బైట్లను అలాగే పట్టుకునే వస్తువు), ఫైల్‌నేమ్‌తో ఫార్మ్‌డేటాకు చేర్చి, దానితో రెస్పాన్స్ తయారుచేస్తే బౌండరీ అదే పెట్టుకుంటుంది. కంటెంట్-టైప్ హెడర్‌నూ, అర్రేబఫర్() ఇచ్చే బైట్లనూ ఒకే రెస్పాన్స్ నుంచి తీసుకోండి. హెడర్ కోసం ఒకటి, బాడీ కోసం ఇంకొకటి తయారుచేస్తే రెండింటికీ వేర్వేరు బౌండరీలు వచ్చి, మళ్లీ అదే టైప్‌ఎర్రర్.