కారు తలుపు స్పీకర్లు మార్చే పద్ధతి, బేస్ గలగలను పట్టుకునే పద్ధతి

కర్నూలులో గానీ అనంతపురంలో గానీ కారు యాక్సెసరీల దుకాణంలో కొత్త స్పీకర్లు బిగించుకున్నవారు కొద్ది రోజులకే తిరిగి వచ్చి చెప్పే ఫిర్యాదు దాదాపు ఒక్కటే: పాట బాగానే వినబడుతోంది గానీ బేస్ పెంచితే తలుపు గలగలమంటోంది. "బేసు పెడితే డోరు అదరకుండా ఉంటుందా అన్నా" అనే జవాబు అక్కడ సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబు సరైనది కాదు. ఇంట్లో వాడే స్పీకరుకు చెక్కపెట్టె ఎలాగో, కారు స్పీకరుకు తలుపు అలాగే పనిచేయాలి. కానీ తలుపు లోపలి రేకుకు మెకానిక్కు చెయ్యి పట్టేంత పెద్ద రంధ్రాలు ఉంటాయి. స్పీకరు కోను, అంటే శబ్దం పుట్టించే గరాటు ఆకారపు పొర, ముందుకు కదిలినప్పుడు ముందువైపు గాలి నొక్కుకుపోతుంది, వెనుకవైపు గాలి పలచబడుతుంది. ఈ రెండూ ఆ రంధ్రాల ద్వారా కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం వల్ల బేస్ పోతుంది, వెనుకకు వెళ్లిన శక్తి పలుచని రేకునూ దాని మీద కారు లోపలివైపు కప్పి ఉండే ప్లాస్టిక్ ప్యాడ్‌నూ ఊపుతుంది. బేస్ తక్కువ కావడానికీ తలుపు అదరడానికీ మూలం ఒకటే కనుక, చేతిలో ఉన్న డబ్బులో సగమైనా తలుపుకు కేటాయించి, మిగిలినదానితో స్పీకరు కొనుక్కోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

స్పీకరు కొనేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే 300 వాట్ల అంకెను పట్టించుకోనవసరం లేదు, చిన్న అక్షరాలతో ఉండే ఆర్‌ఎంఎస్ అంకెనే, అంటే స్పీకరు నిలకడగా తట్టుకోగల శక్తినే చూడాలి. కారులోని స్టీరియో మీద నాలుగు యాభైలని, అంటే నాలుగు స్పీకర్లకు తలా 50 వాట్లని రాసి ఉన్నా, బ్యాటరీ వోల్టేజీతో అది 4 ఓమ్‌ల స్పీకరుకు నిలకడగా ఇవ్వగలిగేది సుమారు 15 నుంచి 20 వాట్లే. అందువల్ల విడిగా యాంప్లిఫయర్ పెట్టే ఉద్దేశం లేనివారు సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి చేసే శబ్దం ఎక్కువగా ఉన్న స్పీకరును ఎంచుకోవాలి. 89 డెసిబెల్ స్పీకరు చేసే శబ్దాన్ని 92 డెసిబెల్ స్పీకరు సగం శక్తితోనే చేస్తుంది. చాలా కార్ల ముందు తలుపులకు ఆరున్నర అంగుళాల సైజు సరిపోతుంది గానీ, వెడల్పుతో పాటు లోతు కూడా కొలవాలి, ఎందుకంటే అయస్కాంతం పెద్దదైతే కిందికి దిగిన గ్లాసు దానికి తగులుతుంది. సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకరు, అంటే ట్వీటర్, వేరుగా వచ్చే కాంపోనెంట్ సెట్టు, ఆ ట్వీటర్‌ను సైడు అద్దం పక్కనున్న మూల ప్లాస్టిక్‌లో అమర్చుకోగలిగితేనే లాభం, లేకపోతే ట్వీటర్ స్పీకరులోనే కలిసి ఉండే కోయాక్సియల్ చాలు.

పని మొదలుపెట్టే ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీగను తీసి కాసేపు ఆగాలి. కొన్ని కార్లలో పక్క ఎయిర్‌బ్యాగుకు సంబంధించిన ఒత్తిడి సెన్సరు తలుపు లోపలే ఉంటుంది. అది తలుపు లోపలి గాలి ఒత్తిడిలో వచ్చే మార్పును బట్టి పనిచేస్తుంది కనుక, అటువంటి కారులో రంధ్రాలు మూసే పనికి కంపెనీ సర్వీసు సెంటరును అడగకుండా దిగకూడదు. తర్వాత లోపలి హ్యాండిల్ వెనుక, చేయి ఆనించే గుంట అడుగున చిన్న మూతల కింద దాగిన స్క్రూలను విప్పి, ప్యాడ్ అంచును ప్లాస్టిక్ పట్టీతో కింది మూల నుంచి ఎత్తితే క్లిప్పులు ఒక్కొక్కటిగా ఊడివస్తాయి. ప్యాడ్‌ను ఒక్కసారిగా లాగితే పవర్ విండో స్విచ్చు తీగలు తెగుతాయి. ఊడిన క్లిప్పుల్లో ఒకటి రెండు విరగడం మామూలే కాబట్టి కొత్తవి ముందుగానే కొని ఉంచుకోవాలి, విరిగిన క్లిప్పుతో తిరిగి బిగించిన ప్యాడే రేపటి గలగల.

ప్యాడ్ వెనుక కనబడే పలుచని ప్లాస్టిక్ కాగితం వాననీరు ప్యాడ్ మీదికి రాకుండా ఆపేందుకే తప్ప, శబ్దాన్ని ఆపలేదు. దాన్ని జాగ్రత్తగా ఒలిచి పక్కన పెట్టి, నల్లగా సాగే పాత జిగురును పూర్తిగా తీసివేయాలి. మన ప్రాంతంలో ఇక్కడే ఎక్కువ ఓపిక కావాలి. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు లారీల దారుల్లోనో, బేతంచెర్ల నాపరాయి గనుల వైపో తిరిగే కారు తలుపులో మెత్తటి దుమ్ము పొరగా పేరుకుని ఉంటుంది, రేకు అదురు తగ్గించడానికి ఆ దుమ్ము మీద అంటించిన షీటు వేసవి రాకముందే జారిపోతుంది. ముందు పొడిగుడ్డతో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చిన తర్వాతే షీటు అంటించాలి.

షీటు విషయంలో చౌకబేరం పనికిరాదు. తారుతో చేసిన షీటు తక్కువ ధరకు దొరుకుతుంది గానీ, ఎండాకాలంలో నీడలోనే 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప వంటి ఊళ్లలో ఎండలో నిలిపిన కారు రేకు అంతకన్నా ఎంతో వేడెక్కుతుంది. అప్పుడు తారు మెత్తబడి జారుతుంది, కారంతా తారు వాసన నిండుతుంది. అల్యూమినియం రేకు అతికించిన బ్యుటైల్ రబ్బరు షీటు ఆ వేడికి నిలుస్తుంది. రేకు వణికినప్పుడు మధ్యలోని రబ్బరు సాగి, ఆ కదలికను కొద్దిపాటి వేడిగా మార్చేస్తుంది, పైనున్న అల్యూమినియం ఆ రబ్బరును గట్టిగా పట్టి ఉంచుతుంది. ఈ కారణం వల్లనే రోలరుతో గట్టిగా నొక్కి అంటించడం ముఖ్యం, గాలి బుడగ మిగిలిన చోట షీటు ఉన్నా లేనట్టే. స్పీకరు వెనుకనున్న బయటి రేకుకు ముందు అంటించాలి. పెద్దగా, చదునుగా ఉన్న రేకులో పావు వంతు నుంచి సగం వరకు కప్పితే చాలు, అంతా కప్పడం తలుపు బరువును పెంచడమే. వేలి కణుపుతో తట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది: ముందు ఖాళీ నూనె డబ్బాలా మోగిన రేకు తర్వాత మొద్దుగా పలుకుతుంది. లోపలి రేకు పెద్ద రంధ్రాలను అల్యూమినియం పలకతోగానీ గట్టి ప్లాస్టిక్ పలకతోగానీ మూసి, దాని మీద షీటు అంటించాలి, రంధ్రం మీద ఒట్టి షీటును పరిస్తే అది డోలుచర్మంలా కొట్టుకుంటుంది. గ్లాసు మోటారు, తాళం కడ్డీల కదలికకు అడ్డు రాకూడదు. తలుపు అడుగున నీరు కారిపోయే రంధ్రాలను ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదు, మూస్తే వానకు నీరు నిలిచి తలుపు లోపలి నుంచి తుప్పు పడుతుంది.

పాత స్పీకర్లు కొన్ని కార్లలో స్క్రూలతో, మరికొన్నిటిలో రివెట్లతో ఉంటాయి. రివెట్లను డ్రిల్లుతో తొలిచేటప్పుడు రాలే ఇనుప రజను కొత్త స్పీకరు అయస్కాంతానికి అంటకుండా ముందే ఊడ్చేయాలి. స్పీకరు కింద వేసే రింగు ప్లాస్టిక్‌దైతే మంచిది. చెక్కపొడిని నొక్కి చేసిన ఎండీఎఫ్ రింగే దొరికితే పెయింటు పూయకుండా వాడకూడదు, ఎందుకంటే తలుపు లోపల వాననీరు కారడం సహజమే, తడిసిన ఎండీఎఫ్ ఉబ్బి స్క్రూల పట్టు పోతుంది. రింగుకూ రేకుకూ మధ్య, స్పీకరు అంచుకూ ప్యాడ్‌కూ మధ్య నురగ పట్టీ వేస్తే శబ్దం ప్యాడ్ వెనుకకు కాక కారులోకి వస్తుంది. కంపెనీ తీగను కోయకుండా ఆ కారుకు సరిపోయే సాకెట్టు కొని వాడాలి. రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే బేస్ ఒక్కసారిగా మాయమవుతుంది. అనుమానం ఉంటే ఒకటిన్నర వోల్టుల సెల్లును స్పీకరు తీగలకు ఒక్క క్షణం తాకిస్తే, ప్లస్ సరైన వైపు ఉన్నప్పుడు కోను బయటికి వస్తుంది. బిగింపు పూర్తయ్యాక గ్లాసును చివరి వరకు దించి చూసిన తర్వాతే ప్యాడ్‌ను ఎక్కించాలి.

ఇంత చేసినా చప్పుడు మిగిలితే, ముందుగా అది ఎలాంటి చప్పుడో తేల్చుకోవాలి. గుంతల్లో మాత్రమే వచ్చి పాట ఆపినా మిగిలేది స్పీకరు తప్పు కాదు. వాల్యూమ్ తగ్గించినా బొంగురుగా గీరుకునే శబ్దం వస్తే, కోను అంచులను రెండు వైపులా సమానంగా వేళ్లతో మెల్లగా నొక్కి చూడాలి, లోపల గీరుకుంటున్నట్టు తెలిస్తే కోనును కదిలించే తీగచుట్ట, అంటే కాయిల్ చెడినట్టు. వాల్యూమ్ బాగా పెంచినప్పుడు మాత్రమే శబ్దం పగిలితే అది స్టీరియో శక్తి మించిపోవడం, దానికి షీటు మందు కాదు.

నిజమైన గలగలను పట్టడానికి ఇంజను ఆపి, ఫోనులో టోన్ వాయించే యాప్ పెట్టి, 30 నుంచి 150 హెర్ట్జ్ వరకు నెమ్మదిగా పెంచుతూ పోవాలి. వాల్యూమ్ మధ్యస్థంగానే ఉంచాలి, ఒకే టోన్‌ను గట్టిగా ఎక్కువసేపు వాయిస్తే కాయిల్ వేడెక్కుతుంది. చప్పుడు వచ్చిన అంకె దగ్గర ఆపి, ఒకరు లోపల కూర్చుని అరచేతితో ప్యాడ్‌ను చోటు మార్చుతూ నొక్కితే, ఎక్కడ నొక్కినప్పుడు ఆగిందో అక్కడే దోషం ఉన్నట్టు. తలుపు జేబులోని నీళ్ల సీసా, చిల్లర, టోల్ రసీదుల కట్ట మొదట బయట పెట్టాలి, నవ్వొచ్చినా ఇదే కారణమైన కార్లు తక్కువ కాదు. గ్లాసును సగం దించితే చప్పుడు పెరిగిందా, ఆగిందా అన్నది గ్లాసు పట్టీల సంగతి చెబుతుంది. సన్నగా జిర్రుమనేది తాళం కడ్డీ అయితే, దాని చుట్టూ నురగ చుట్టాలి. రేకుకు తగిలే తీగల కట్టకు బట్ట టేపు, స్విచ్చుల పలక అంచుకు ఫెల్టు పట్టీ సరిపోతాయి. వెనుక నంబరు ప్లేటు, డిక్కీ పైనున్న ట్రే కూడా తలుపు చప్పుడులా వినిపించగలవు కనుక, బ్యాలెన్సును ఒక పక్కకే తిప్పి వినాలి.

ఆరున్నర అంగుళాల స్పీకరు 50, 60 హెర్ట్జ్ కింద శ్రమపడడమే తప్ప వినిపించేది స్వల్పం. అందుకని స్టీరియో సెట్టింగులలో లోతైన శబ్దాలు స్పీకరుకు వెళ్లకుండా ఆపే హై పాస్ ఫిల్టరును 80 హెర్ట్జ్ దగ్గర పెట్టడం మేలు. డబ్బు ఖర్చు కాని ఈ ఒక్క మార్పుతో చాలా కార్లలో అదురు బాగా తగ్గుతుంది, అంతకన్నా లోతైన బేస్ కావాలంటే డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టుకోవాలి. మరొక విషయం, మధ్యాహ్నం ఎండకు ప్లాస్టిక్ వ్యాకోచిస్తుంది కనుక, ఉదయం చల్లదనంలో వచ్చే చప్పుడు మధ్యాహ్నానికి మాయం కావచ్చు, ఉదయం లేనిది మధ్యాహ్నం రావచ్చు. పరీక్షను రెండు పూటలా చేసి, రెండు పూటలా నిశ్శబ్దంగా ఉన్నప్పుడే ప్యాడ్ చివరి స్క్రూలను బిగించాలి.