సోల్ పాడదాం – 4వ పాఠం: వెనక్కి జరగాల్సింది మాట, తాళం కాదు

ఈసారి గట్టిగా అరిచి పాడినా గొంతు పోకుండా ఎలాగో చెప్దామనుకున్నా, కానీ మీరు పంపిన రికార్డింగులు విన్నాక అది వచ్చే పాఠానికి పోయింది. సోల్ అంటే అమెరికా నల్లజాతివాళ్ళ పాట, అందులో బీట్‌కి, అంటే డ్రమ్ దెబ్బకి, కాస్త వెనక పాడండి అన్నానా, దాదాపు అందరూ పాటనే స్లో చేసేశారు, నాలుగో లైనుకొచ్చేసరికి ట్రాక్ ఒక దారి, మీరొక దారి.

"షారన్ జోన్స్ కూడా స్లో చేసిందిగా" అని మళ్ళీ నాకే ఎదురు ప్రశ్న. ఆ అమెరికన్ సోల్ గాయని పాట హండ్రెడ్ డేస్ హండ్రెడ్ నైట్స్ (2007) సంగతేగా? నిజమే, మధ్యలో ఆవిడ ఆగి, కాస్త నిదానిద్దాం అని చెప్పి మరీ నిదానిస్తుంది. కానీ అక్కడ డ్రమ్, బేస్ గిటార్, హార్న్స్ (ట్రంపెట్, శాక్సోఫోన్) అన్నీ ఆవిడతో పాటే నిదానిస్తాయి, అది కాలం, అంటే పాట వేగం, మార్చడం. నేను అడిగింది దానికి ముందు భాగం. అక్కడ ఆవిడ బ్యాండ్ డ్రమ్మర్ హోమర్ స్టైన్‌వైస్ దెబ్బ ఇంచు కదలదు, దాని మీద ఆవిడ మాటలు మాత్రం ఒకటి దెబ్బ మీదే పడుతుంది, ఇంకోటి దెబ్బ పడిపోయాక వస్తుంది. లేటుగా మొదలెట్టినా లైను మాత్రం టైముకే అయిపోతుంది. మీరు లేటుగా మొదలెట్టి లేటుగానే ముగిస్తున్నారు, మొత్తం గొడవ అక్కడే.

కర్ణాటకం నేర్చుకున్నవాళ్ళకి ఇంకో చిక్కు. అనాగతం (తాళం మొదలయ్యాక పాట ఎత్తుకోవడం) అనుకుని అర అక్షరం లెక్కేసి ప్రతి లైనూ అక్కడే ఎత్తుకుంటున్నారు. అలా ప్రతిసారీ ఒకే చోట పడితే అది కొత్త ఎడుపు, అంటే పాట ఎత్తుకునే చోటు, అవుతుంది తప్ప సోల్ అవ్వదండీ. ఇక్కడ లెక్క లేదు, ఒక మాట ఆగుతుంది, తర్వాతి రెండు మాటలు పరిగెత్తి ఆ బాకీ తీర్చేస్తాయి.

అసలు దొంగ ఇంకొకడున్నాడు, చివరి అచ్చు. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కదా, దాన్ని సాగదీయడం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటు. "ఇంక చాల్లే, నే పోతున్నా" అనే లైను తీసుకోండి. "పోతున్నాఆఆఆ" అని తోక లాగితే అది తర్వాతి లైను చోటు తినేస్తుంది, మీరు వెనక పాడినట్టు కాదు, ఇరుక్కుపోయినట్టు. "పోతున్నా" అని కోసి నోరు మూసేయండి. "చాల్లే"లో ల్ల మీద బరువు పెట్టండి, "నే" ఆలస్యంగా రానివ్వండి, "పోతున్నా" గబుక్కున. గమకం (స్వరాన్ని ఊపడం) అసలొద్దు, షారన్ తాళవాద్యం కొట్టినట్టు పాడుతుంది, సంగతులు (లైనుని మార్చి మార్చి అల్లడం) వేస్తే ఆ దెబ్బ పోతుంది.

ఆవిడకి ఇది స్టూడియోలో పుట్టలేదు. చర్చిలో పాడింది, పెళ్ళి బ్యాండ్లలో పాడింది, మధ్యలో న్యూయార్క్ రైకర్స్ ఐలాండ్ జైల్లో గార్డు ఉద్యోగం. పొట్టి, లావు, నల్లన, వయసు మళ్ళింది అని రికార్డు కంపెనీవాళ్ళు వద్దన్న మనిషి. 1996లో లీ ఫీల్డ్స్ అనే సోల్ గాయకుడి రికార్డింగులో వెనక పాడటానికి వెళ్తే అక్కడ దశ తిరిగింది, మొదటి ఆల్బమ్ 2002లో, 46వ ఏట, డాప్‌టోన్ అనే బ్యాండువాళ్ళ సొంత చిన్న రికార్డు లేబుల్ మీద. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ఇంట్లో పెట్టిన స్టూడియో వాళ్ళది, టేపు మీదే రికార్డింగ్. కంప్యూటర్లో మాటల్ని అటూఇటూ జరిపి సర్దుకునే వీలు లేదు, బ్యాండ్ కదలకుండా నిలబడితేనే గాయని ధైర్యంగా వెనక్కి జరుగుతుంది. 2016లో క్యాన్సర్‌తో పోయేదాకా స్టేజి మీద అదే ఊపు.

నేనైతే కాలితో తాళం వేయను, నడుముతో వేస్తా, కాలు గొంతుతో పాటే స్లో అయిపోతుంది. కరోకే యాప్‌లో ఎకో పెట్టి పంపినవాళ్ళది ఈసారి వినను, ఎకోలో ఏ తప్పయినా దాక్కుంటుంది.

ప్రాక్టీసు: మెట్రోనోమ్ (తాళం టిక్కులు కొట్టే యంత్రం) నిమిషానికి 45 టిక్కుల మీద పెట్టండి, నాలుగు దెబ్బల వరసలో ఆ టిక్కులు 1, 3 కాదు, 2, 4 అనుకోండి. ముందు వరసగా ఐదు నిమిషాలు చప్పట్లు, పాట లేకుండా. తర్వాత పై లైను ముప్పై సార్లు, ప్రతిసారీ వేరే మాట ఆలస్యం చేస్తూ, చివరి "న్నా" మాత్రం ముప్పై సార్లూ ఒకే టిక్కు మీద. ఒక్కసారి తప్పినా మళ్ళీ ఒకటి నుంచి.