ఫ్యూజన్ లెక్కను కొలతతో పోల్చేటప్పుడు

ఆక్సిజన్-16 కిరణపుంజంతో సమేరియం-154ను ఢీకొట్టించి, రెండు కేంద్రకాలు ఒకటిగా కలిసిపోయే ఫ్యూజన్‌ను కొలిచిన ఫలితాలు చేతిలో ఉన్నాయనుకుందాం. ముందు చూడాల్సింది శక్తి. యాక్సిలరేటర్ చెప్పేది లేబొరేటరీ శక్తి, మోడల్ అడిగేది ద్రవ్యకేంద్ర శక్తి (రెండు కేంద్రకాల ఉమ్మడి ద్రవ్యకేంద్రం నుంచి చూసినప్పటి శక్తి). టార్గెట్ సగం మందంలో పోయే శక్తిని తీసేసి, మిగిలినదాన్ని 154/170తో గుణించాలి. 65 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) అయితే 58.9 వస్తుంది. కేంద్రకాలు కలవకుండా వాటి విద్యుత్ వికర్షణ కట్టే అడ్డుగోడ ఎత్తే దాదాపు 59 కాబట్టి, ఈ మెట్టు మరిచిపోతే ఆ తర్వాత ఏ లెక్కా నిలవదు.

పొటెన్షియల్‌ను (దూరాన్ని బట్టి కేంద్రకాల మధ్య శక్తి ఎలా మారుతుందో చెప్పేదాన్ని) గోడకు బాగా పైన ఉన్న బిందువులతోనే సరిచేయండి. అక్కడ క్రాస్‌సెక్షన్ (ఫ్యూజన్ అవకాశాన్ని వైశాల్యంగా చెప్పే కొలత) = π × గోడ వ్యాసార్థ వర్గం × (1 − గోడ ఎత్తు/శక్తి). వ్యాసార్థం 10.8 ఫెమ్టోమీటర్లు, గోడ 59, శక్తి 70 పెడితే 57.6 చదరపు ఫెమ్టోమీటర్లు, అంటే 576 మిల్లీబార్న్‌లు. ఆ పదింతల మార్పిడి దగ్గర చాలామంది జారిపడతారు. ఎలాస్టిక్ స్కాటరింగ్‌కి (కేంద్రకాలు మారకుండా చెదిరిపోవడానికి) సరిపోయే 0.65 ఫెమ్టోమీటర్ల డిఫ్యూజ్‌నెస్, అంటే పొటెన్షియల్ అంచు ఎంత మెల్లగా తగ్గుతుందో చెప్పే సంఖ్య, ఇక్కడ చాలకపోవడం మామూలే.

గోడ కింద లెక్క తక్కువొస్తే పొటెన్షియల్‌ను మళ్లీ కదపకండి. ఆ లోటు పూడ్చాల్సింది కప్లింగులే, అంటే ఢీకొనడానికీ కేంద్రకాల ఉత్తేజ స్థాయిలకూ మధ్య ఉండే ముడులు. సమేరియం-154 సాగిన కేంద్రకం, ఎంత సాగిందో చెప్పే బీటా-2 దాదాపు 0.3, మొదటి ఉత్తేజ స్థాయి 0.082 ఎంఈవీ. సీసీఫుల్ అనే ఫ్యూజన్ లెక్కల ప్రోగ్రామ్‌లో భ్రమణ స్థాయిలను ఒక్కొక్కటే చేరుస్తూ, ఫలితం కదలడం ఆగేదాకా పోండి. ఆక్సిజన్ 6.13 ఎంఈవీ స్థాయిని వదిలేయవచ్చు, అది దాదాపుగా గోడను జరుపుతుంది తప్ప ఆకారం మార్చదు. పొటెన్షియల్ గుంట మరీ లోతు తక్కువైతే లోపలికి వెళ్లిన తరంగం తిరిగి రాదన్న ప్రోగ్రామ్ సరిహద్దు నియమమే చెల్లదు, ఆ ఫలితాన్ని పారేయండి.

అసలు పరీక్ష గోడల పంపిణీ: కప్లింగుల వల్ల ఒకే గోడ వేర్వేరు ఎత్తుల గోడలుగా విడిపోతుంది, ఏ ఎత్తుకు ఎంత వాటా అన్నదే ఇది. దాన్ని తీయడానికి 1991లో భౌతికశాస్త్రవేత్తలు రౌలీ, సాచ్లర్, స్టెల్సన్ చూపిన దారి ఇది: శక్తి, క్రాస్‌సెక్షన్‌ల లబ్ధానికి రెండో అవకలజం. మూడు బిందువులతో, 2 ఎంఈవీ అంతరంతో తీయండి. 66 ఎంఈవీ దగ్గర 400 మిల్లీబార్న్‌లకు 1 శాతం దోషం ఉంటే, అవకలజంలో అది దాదాపు 160 మిల్లీబార్న్/ఎంఈవీ అవుతుంది. అంతరాన్ని సగం చేస్తే నాలుగింతలు! అందుకే పై శక్తుల దగ్గర కనిపించే శిఖరాలను నమ్మకండి. మోడల్ గీతకూ అదే 2 ఎంఈవీ అంతరం వాడాలి. లేకపోతే కొలతలో చదునైన శిఖరాన్ని లెక్కలోని పదునైన శిఖరంతో పోల్చినట్టవుతుంది.

గ్రాఫు లాగ్ స్కేల్‌లో ఒకటి, మామూలు స్కేల్‌లో ఒకటి గీయండి. లాగ్‌లో గోడ పైన 20 శాతం తేడా కంటికి ఆనదు. టార్గెట్ సీసం-208 అయితే ఫిషన్ (కలిసిన కేంద్రకం మళ్లీ చీలిపోవడం) వాటాను కూడా కలిపాకే పోల్చాలి.